పార్కు మాదంటే మాది!

పోయిన సంచికలో హైదరాబాద్ దోమలగూడ నుంచి ఒకరు "ఇందిరా పార్కు పక్కన ధర్నాచౌక్ ఉండాలా, వద్దా?" అని అడిగితే, నేను ఒక్క ముక్కలో "ఉండాలి, అదీ ఆ పార్కు చరిత్రలో భాగమే" అని రాసి చేతులు దులుపుకున్నాను. ఆ ఒక్క ముక్క కొంప ముంచింది. పొద్దున నడకకు వెళ్లేవాళ్లు తిట్టారు. యూనియన్ల వాళ్లు మెచ్చుకుంటూనే, సగం చెప్పి సగం మింగేశావని తిట్టారు. ఒకాయనైతే "టెంటూ మైకూ కూడా వారసత్వమే అయితే మా వీధిలో పానీపూరీ బండి కూడా వారసత్వమేనా?" అని అడిగారు (అంత తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్నేమీ కాదది). అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. అన్నీ పార్కుల గొడవలే.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా ఇందిరా పార్కులో నడుస్తున్నాను. బీపీ, షుగర్ రెండూ అదుపులో ఉన్నాయంటే ఆ పార్కు చలవే. ధర్నా ఉన్న రోజు మైకుల హోరు, ట్రాఫిక్ జాము, సాయంత్రానికి రోడ్డు నిండా ప్లాస్టిక్ గ్లాసులు. వారసత్వం అంటే గోల్కొండ, చార్మినార్ లాంటివి. రోజుకో టెంటు వేసి తీసేసే రోడ్డు వారసత్వం ఎలా అవుతుంది?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, దోమలగూడ

జవాబు: అయ్యా, మీ బాధలో అబద్ధం లేదు. ఆ పక్క సందులోనే నేను రెండేళ్లు అద్దెకున్నాను, మైకు హోరంటే ఏమిటో నాకూ తెలుసు. కానీ మీరు నడిచే ఆ పార్కు ఎలా పుట్టిందో ఒకసారి చూడండి. 1975 సెప్టెంబరులో దానికి శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. అంతకు మూణ్ణెల్ల ముందు ఎమర్జెన్సీ ఉత్తర్వు మీద సంతకం పెట్టింది కూడా ఆయనే. ఎవరూ నోరెత్తకూడని రోజుల్లో, ఆ రోజులు తెచ్చిన ప్రధాని పేరుతో రాయి పడిన పార్కు ఇది. 1978లో జనానికి తెరిచారు, 76 ఎకరాలు. ఆ తర్వాత సచివాలయం దగ్గరా అసెంబ్లీ దగ్గరా గుమిగూడొద్దని చెప్పి పోలీసులు అందరినీ ఈ పార్కు పక్క రోడ్డుకే పంపించడం మొదలుపెట్టారు. అంటే ధర్నాలు చేసేవాళ్లు మీ పార్కును వెతుక్కుంటూ వచ్చి వాలలేదు. వాళ్లను అక్కడికి తోలింది సర్కారే. తోలిన చోటే వాళ్లు పాతుకుపోయారు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, కాంట్రాక్టు లెక్చరర్లు, మున్సిపల్ కార్మికులు, భూమి పోయిన రైతులు, వీళ్లంతా రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగి, సాయంత్రం దాకా కూర్చుని, మళ్లీ బస్సెక్కి పోతారు. అదిలాబాద్ జిల్లా మారుమూల ఊళ్లో ఉండే అంగన్‌వాడీ ఆయాని "హైదరాబాద్‌లో ఏం చూశావమ్మా" అని అడిగితే చార్మినార్ కంటే ముందు ధర్నాచౌక్ అంటుంది. నాతో అలా అన్న మనిషి ఉంది.

ఇక 2017 సంగతి. అప్పటి ప్రభుత్వం ఇక్కడ ధర్నాలు బంద్ అని చెప్పి, ఊరి చివర స్థలాలు చూపించింది. మే 15న వామపక్షాలు, ప్రజాసంఘాలు "ధర్నాచౌక్ కావాలి" అంటూ వచ్చాయి. అదే సమయానికి "మాకు ధర్నాచౌక్ వద్దు, మేం స్థానికులం" అని ప్లకార్డులు పట్టుకుని ఇంకో గుంపు దిగింది. రెండు వైపులా తోపులాట, కుర్చీలు లేచాయి, కర్రలు లేచాయి. తీరా ఆ "స్థానికుల్లో" మఫ్టీలో ఉన్న పోలీసులు కూడా ఉన్నారని ఫొటోలతో సహా పత్రికల్లో వచ్చింది. నాకు ఆ ఫొటో ఇప్పటికీ కళ్ల ముందే ఉంది, ఎందుకంటే పార్కు గొడవల కిటుకంతా అందులోనే ఉంది. "స్థానికులు ఇలా కోరుతున్నారు" అనే మాట ఎవరు అంటున్నారో, ఎవరిచేత అనిపిస్తున్నారో ముందు చూడాలి. అలాగని మీలాంటి నిజమైన స్థానికులు లేరని కాదు. ఉన్నారు, మీ ఉత్తరమే సాక్ష్యం. కాకపోతే ఆ రోజు మీ గోడును వేరేవాళ్లు అద్దెకు తీసుకున్నారు.

2018 నవంబరులో హైకోర్టు అక్కడ ధర్నాలకు అనుమతివ్వమని చెప్పింది. కథ అక్కడితో అయిపోలేదు. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు మీద కేంద్రంతో తగువు వచ్చినప్పుడు, ఆనాడు ధర్నాచౌక్ వద్దన్న ముఖ్యమంత్రి కేసీఆరే మంత్రులతో, ఎమ్మెల్యేలతో వచ్చి అదే చోట మహాధర్నాకు కూర్చున్నారు! ఇక 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ కూడలి దాకా కట్టిన స్టీల్ బ్రిడ్జికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. కార్మిక నాయకుడిగా జీవితమంతా జెండాలు మోసిన మనిషి, పేరు పెట్టడం న్యాయమే. కానీ 2017లో ధర్నాచౌక్ మూసినప్పుడు హోంమంత్రి కూడా ఆయనే. ఇప్పుడు ధర్నాకొచ్చినవాళ్లు ఆయన పేరున్న బ్రిడ్జి చూసుకుంటూ నినాదాలిస్తారు. గోల్కొండలో రాళ్లు ఒకసారి పేర్చాక కదల్లేదు. ఇక్కడ పదేళ్లలో ఇన్ని మలుపులు తిరిగాయి. మీరు కాదన్నా ఇది ఊరి చరిత్రే.

మైకుల మాటకొస్తే, మీ కోపం ధర్నా మీద కాకుండా దాని నిర్వహణ మీద పెట్టండి. మైకు టైము ఎవరు చూడాలి, సాయంత్రం చెత్త ఎవరు ఎత్తాలి, వెయ్యి మంది ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునే చోట బాత్రూములు ఎందుకు సరిపడా ఉండవు, ఇవన్నీ అడగాల్సినవే. ఆ చివరిది మీ వాకర్లు, వాళ్ల యూనియన్లు కలిసి అడిగితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది నాకు.

ప్రశ్న: ఇందిరా పార్కు గేటు దగ్గర ఒకప్పుడు "పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టారట, నిజమేనా? మా బాబాయి అయితే "అదే కరెక్టు, పార్కులు ఫ్యామిలీలవి, మన సంస్కృతి అది" అంటున్నారు. ఏం చెప్పమంటారు ఆయనకి?
– డిగ్రీ విద్యార్థిని, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్

జవాబు: నిజమే తల్లీ. 2021 ఆగస్టులో పెట్టారు. సోషల్ మీడియాలో జనం ఏకిపారేసేసరికి ఒకటి రెండు రోజుల్లోనే నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) పీకేసి, విచారం కూడా తెలిపింది. నాకు నవ్వొచ్చిందేమిటంటే, పెళ్లయిందో లేదో గేటు దగ్గర వాచ్‌మన్ ఎలా తేలుస్తాడు? మంగళసూత్రం చూసా, పెళ్లి ఫొటో అడిగా, శుభలేఖ జిరాక్సు తెమ్మనా?

మీ బాబాయి గారికి ఒక సంగతి గుర్తు చేయండి. ఆయన వయసులో ఉన్నప్పుడు పెళ్లిచూపులయ్యాక "కాస్త మాట్లాడుకోండి" అని అబ్బాయినీ అమ్మాయినీ ఎక్కడికి పంపేవారు? ఇంట్లో చోటు లేని ఊళ్లో, ఒక గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లలో, చాలామందికి రెండు మాటలు మాట్లాడుకోవడానికి పార్కే దిక్కు. చెట్టు కింద సిమెంటు బెంచీ మీద ఈ ఊళ్లో ఎన్ని సంబంధాలు కుదిరాయో, ఎన్ని చెడ్డాయో లెక్క తీస్తే అది నడక కంటే పాత అలవాటని తేలుతుంది. ట్రాక్ ప్యాంటు వేసుకుని రౌండ్లు కొట్టడమే మొన్న వచ్చింది. ఇబ్బందికరంగా ప్రవర్తిస్తే ఎవరినైనా మందలించొచ్చు, పెళ్లయినవాళ్లను కూడా. దానికి బోర్డు అక్కర్లేదు.

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాను. పబ్లిక్ గార్డెన్స్, బాగ్-ఎ-ఆమ్ రెండూ ఒకటేనా? సెప్టెంబర్ 17 జెండా అక్కడే ఎందుకు ఎగరేస్తారు? ఆ రోజు పేరు పుస్తకానికో రకంగా ఉంది, ఏది రాయాలో టెన్షన్‌గా ఉంది.
– ఒక ఉద్యోగార్థి, అశోక్‌నగర్

జవాబు: ఒకటే. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే అందరిదీ, సామాన్యులది. ఇంగ్లీషు పేరు దానికి అనువాదమే అనుకోండి. నాంపల్లి పాతకాపులు ఇప్పటికీ "బాగేఆం" అనే అంటారు.

"అందరిదీ" అన్న మాట దగ్గరే కొంచెం ఆగాలి. ఆ తోట అంచున తెల్లగా మెరిసే భవనం, ఇప్పటి అసెంబ్లీ, మొదట్లో టౌన్ హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో పునాది వేశారు, నగర ప్రజల చందాలతో కట్టారని చెబుతారు. పూర్తయ్యేసరికి 1913. ఎవరి పుట్టినరోజుకు మొదలుపెట్టారో ఆయన 1911లోనే పోయారు. జనం డబ్బుతో జనం కూర్చోడానికి కట్టిన హాలు దగ్గరికి ఈ రోజు జనం వెళ్లాలంటే పాసు కావాలి, చుట్టూ ఇనుప కంచె, గేటు దగ్గర పోలీసులు. భద్రత అవసరమే, నేను కాదనను. కానీ బాగ్-ఎ-ఆమ్‌లో "ఆమ్"కి దారి మూసుకుపోయిన చోటు అది. మిగతా తోటలో మాత్రం ఏడో నిజాం రజతోత్సవాలు జరిగిన జూబ్లీ హాలు, ఈజిప్టు మమ్మీ ఉన్న మ్యూజియం, శుక్రవారం నమాజుకి నిండిపోయే షాహీ మసీదు, నాటకాలూ పాటకచేరీలూ జరిగిన లలిత కళాతోరణం, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. పొద్దున్నే నడిచేవాళ్లు వీటన్నిటి చుట్టూ తిరిగొస్తారు. అన్నీ ఎవరివి వాళ్లవే, తోట మాత్రం ఉమ్మడిది.

సెప్టెంబర్ 17 మాటేమిటంటే, 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఈ రెండు ముక్కలు కళ్లు మూసుకుని రాయండి, ఎవరూ కాదనరు. తగువంతా ఆ రోజుకు పెట్టే పేరులో ఉంది. బీజేపీ విమోచనం అంటుంది, ఇంకొందరు విలీనం అంటారు, కమ్యూనిస్టులు "అంతకుముందే మొదలై 1951 దాకా నడిచిన రైతాంగ సాయుధ పోరాటం సంగతేంటి?" అని అడుగుతారు. ఆ రోజుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న ముస్లిం కుటుంబాల్లో కొందరికి అసలు అది పండగే కాదు. 2022లో ఈ తగువు ఒకే పొద్దున ఊరంతా కనిపించింది. కేంద్రం సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపింది, రాష్ట్రం పబ్లిక్ గార్డెన్స్‌లో జాతీయ సమైక్యతా దినం జరిపింది. జెండా అదే, తారీఖు అదే, పేర్లే వేరు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి అదే పబ్లిక్ గార్డెన్స్‌లో జెండా ఎగరేసి "ప్రజాపాలన దినోత్సవం" అంది. పరీక్షలో మాత్రం ఏ సంవత్సరం, ఏ ప్రభుత్వం, ఏ పేరు అని విడదీసి రాయండి. పేరు ఒక్కటే అడిగి నాలుగు ఆప్షన్లిస్తే ఆ ప్రశ్న తయారుచేసినవారి మీద కోపం తెచ్చుకోండి, నా మీద కాదు.

ఇక అక్కడే ఎందుకంటే, నా ఉద్దేశం చెబుతాను. అసెంబ్లీ పక్కనే, నిజాం కాలపు తోట, ఊరి మధ్యలో ఉంది. ఆ చరిత్ర నాదే అని చెప్పాలనుకునే ఏ ప్రభుత్వానికైనా అంతకంటే మంచి స్టేజీ దొరకదు.

ప్రశ్న: కేబీఆర్ పార్కుకి ఆ పేరు తీసెయ్యాలని మా నాన్న ఎప్పుడూ అంటాడు. 69 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఆయన లాఠీదెబ్బలు తిన్నాడు. మీరేమంటారు?
– కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ నాన్నగారికి ముందు నమస్కారం. చాలామందికి "కేబీఆర్" అంటే ఏమిటో కూడా తెలియదు, వాళ్లకది జూబ్లీహిల్స్‌లో నెమళ్లుండే పార్కు, అంతే. 1964 నుంచి 1971 దాకా ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. 1969లో తెలంగాణ పిల్లల మీద తూటాలు పేలింది ఆయన హయాంలోనే. చనిపోయినవాళ్లు 369 మంది అని ఉద్యమకారులు చెప్పే లెక్క. 1998లో ఆ అడవి జాతీయ పార్కు అయింది, ఆయన పేరుతోనే. అందుకే పేరు మార్చమనే మాట తెలంగాణవాదుల నోట పదే పదే వస్తుంటుంది.

ఇప్పుడు ఇంకో పార్కుకి రండి, అసెంబ్లీ ఎదురుగా ఉన్న గన్‌పార్క్. చిన్నది, అరగంట నడవడానికి కూడా చాలదు. ఆ 69లో పోయినవాళ్ల కోసం అక్కడ స్తూపం కట్టాలని 1970లో పునాది వేశారు. శిల్పి ఎక్కా యాదగిరిరావు చేతుల్లో అది 1975కి పూర్తయింది. కాల్పులు జరిపిన ప్రభుత్వం నడిచిన అసెంబ్లీకి ఎదురుగా, దాని కళ్లలోకి చూస్తూ నిలబడిన రాయి అది. మలి విడత తెలంగాణ ఉద్యమంలో ప్రతి ఊరేగింపూ అక్కడికే చేరేది, ప్రతి అరెస్టూ అక్కడి నుంచే. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం ఎదుట పెద్ద అమరజ్యోతి వచ్చింది, మెరిసే స్టీలుతో, మ్యూజియంతో, చూడ్డానికి బాగుంటుంది. అయినా రాష్ట్ర అవతరణ దినం జూన్ 2న ముఖ్యమంత్రి ఎవరైనా మొదట పూలదండ పట్టుకుని వెళ్లేది గన్‌పార్క్‌కే. నిరసన చెప్పాలనుకున్న ప్రతిపక్షం కూడా అక్కడికే వెళ్తుంది.

పేరు మార్పు మీద నా మాట మీ నాన్నగారికి నచ్చకపోవచ్చు. పేరు తీసేస్తే కోపం చల్లారుతుంది, దాంతోపాటు సంగతి కూడా మరుగున పడుతుంది. పదేళ్లు పోయాక ఆ పేరు ఎందుకుండేదో, ఎందుకు పోయిందో ఎవరికీ గుర్తుండదు. నేనైతే ఆ గేటు దగ్గరే ఇంకో బోర్డు పెట్టమంటాను. ఈయన ఎవరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా పాలించారు, 1969లో ఏం జరిగింది, ఆ చనిపోయినవాళ్ల రాయి ఎక్కడుంది, అక్కడికి ఏ బస్సు వెళ్తుంది, అన్నీ రాసి. మీ నాన్నగారు కాదంటే ఆయన మాటే నెగ్గాలి, దెబ్బలు తిన్నది ఆయన.

ప్రశ్న: ఫ్లైఓవర్లు వద్దని కేబీఆర్ పార్కు చుట్టూ చేయిచేయి పట్టుకుని నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. మమ్మల్ని "బంజారాహిల్స్ ధనవంతుల సరదా" అన్నారు. చెట్టు వారసత్వం కాదా?
– ఒక గృహిణి, బంజారాహిల్స్

జవాబు: అవుతుందండీ. చెట్టే కాదు, ఈ ఊళ్లో బండరాయి కూడా అవుతుంది. 250 కోట్ల ఏళ్ల గ్రానైటు బండల్ని భవనాలతో పాటు వారసత్వ జాబితాలో చేర్చిన నగరం మనది. ఆ జాబితాకు ఆధారమైన, నగరాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధనను 2015లో తీసేశారు, అది వేరే ఏడుపు. మీ పార్కులో 350 ఎకరాలకు పైగా అడవి, మధ్యలో ఏడో నిజాం మనవడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్, మీరు నిలబడ్డ 2016లో వంతెనల గొడవ, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లిన కేసు, ఆ తర్వాత 2020లో పార్కు చుట్టూ పర్యావరణ రక్షణ వలయాన్ని ఒకచోట 3 మీటర్లు, ఇంకోచోట మహా అయితే 29.8 మీటర్ల వెడల్పుకు కుదించిన నోటిఫికేషన్, 2024లో మళ్లీ కొత్త ఫ్లైఓవర్ల ప్రణాళిక. మూడు మీటర్లంటే ఒక ఆటో పొడవు కంటే కాస్త ఎక్కువ. జాతీయ పార్కుకి అంత వలయం చాలా?

"ధనవంతుల సరదా" అన్న మాట తప్పే, కానీ ఆ మాట ఎందుకు అంటుకుందో ఆలోచించండి. ఆ పార్కులో నడవాలంటే టికెట్టో పాసో కొనాలి. చుట్టుపక్కల బస్తీల్లో ఉండి మీ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎంతమంది లోపలికి వచ్చి నడుస్తారు? వాళ్లకు ఆ చెట్లు బస్సు కిటికీలోంచే కనిపిస్తాయి. మొన్నటి గొలుసులో వాళ్లు లేరు. ఈసారి పిలవండి. ఫ్లైఓవర్ వస్తే బస్టాపు ఎటు పోతుందో మీకంటే వాళ్లకే బాగా తెలుసు.

ప్రశ్న: మా మున్సిపాలిటీ పార్కులో పాత దిగుడుబావి, దాని పక్కన వేపచెట్టు కింద మైసమ్మ ఉన్నాయి. సుందరీకరణ అని చెప్పి బావి పూడ్చి ఓపెన్ జిమ్ పెడతారట. కాలనీ కమిటీ ఒప్పుకుంది. బోనాలకి మా బస్తీ ఆడవాళ్లు అక్కడికే వెళ్తారు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఏం చేయాలి?
– పేరు వద్దన్నారు

జవాబు: ముందు ఫోన్ తీసి ఫొటోలు, బావి మెట్లు కూడా కనిపించేలా, ఇవాళే. పూడ్చేశాక ఫొటో దొరకదు. రెండోది, సమాచార హక్కు కింద మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి, పని అంచనా, తీర్మానం కాపీ అడగండి. అందులో "స్థానికుల అభ్యర్థన మేరకు" అన్న మాట తప్పకుండా ఉంటుంది, ఆ అభ్యర్థన మీద సంతకాలు ఎవరివో ఆ కాపీ కూడా అడగండి. మూడోది, మీ బస్తీ నుంచి ఇంకో అర్జీ, వేలిముద్రలైనా సరే, కమిషనర్‌కి ఒకటి, జిల్లా కలెక్టర్‌కి ఒకటి. తెలంగాణలో అయితే 2017 వారసత్వ చట్టం ఉంది, కాబట్టి ఒక కాపీ పురావస్తు శాఖకు కూడా పంపండి. కాలనీ కమిటీతో గొడవకు దిగకండి, జిమ్ కావాలన్నవాళ్ల పిల్లలు కూడా మీ పిల్లలతోనే ఆడుకుంటారు. బావిని వదిలేసి పది గజాల అవతల జిమ్ పెట్టొచ్చేమో స్థలం కొలిచి చూపించండి.

ఇంకొకటి. ఆ బావి ఎవరు తవ్వించారు, మైసమ్మ ఎప్పటి నుంచి ఉంది, మొదటి బోనం ఏ ఇంటిది అన్నది మీ బస్తీలో అందరికంటే పెద్దావిడని అడిగి, ఆవిడ మాటల్లోనే రాసి నాకు పంపండి. అది వచ్చే సంచికలో వేస్తాను, కమిషనర్ గారికి పంపే అర్జీతో కూడా జతచేద్దాం.